ఈశాన్యం గుంట

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, గేదెలకు షెడ్డు కట్టి చూడు అని మన పెద్దలెవరూ అనలేదు. అని ఉంటే నేను కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాణ్ణేమో. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ చెప్పినట్టు విన్నాను. కూతురి పెళ్ళి మా ఆవిడ చెప్పినట్టు చేశాను. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్నీ నాకే తెలుసనుకున్నాను. ఊళ్ళో బోరు మోటారు కాలినా, బ్యాంకు కాగితం అర్థం కాకపోయినా నా దగ్గరికే వస్తారు. పదిమంది వచ్చి అడుగుతుంటే ఎవరికైనా తలకాయ కొంచెం బరువెక్కుతుంది. నాది మరీ ఎక్కువ బరువెక్కింది.

ఆ షెడ్డు నా గేదెలకు నీడ మాత్రమే. దాన్ని కట్టిన మనిషికి అది బతుకుతెరువు. ఆ సంగతి ఆయన మొదటి రోజే నాకు చెప్పాడు. తెలిసి చేసిన పని కాబట్టే ఇన్నాళ్ళయినా నాకు మింగుడుపడటం లేదు.

మాది కోవూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఒక ఊరు. మళ్ళు దాటితే సరుగుడు తోపులు, తోపులు దాటితే ఇసక, ఆపైన సముద్రం. మాకు అయిదెకరాల వరి, ఏడు గేదెలు. వరి నాది, గేదెలు మా ఆవిడవి. ఈ పంపకం ఎవరూ చెయ్యలేదు, దానంతటదే జరిగింది. గేదెలు నన్ను పక్కింటివాణ్ణి చూసినట్టు చూస్తాయి. ఆమె అలికిడి వింటే మాత్రం తలలెత్తుతాయి. వాటి కొట్టానికి సరుగుడు గుంజలు, తాటాకు కప్పు. రెండేళ్ళకొకసారి ఆకు మార్చాలి. కప్పు వేసేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి మిగిలిన ఒక్కడూ ముత్తుకూరులో కాపలా పనికి కుదిరాడు. ఆ ఏడు వానలకు కొట్టం ఒక పక్కకు ఒరిగింది. మా ఆవిడ పాలు పితుకుతుండగా ఒక గుంజ ఆమె భుజం పక్కనే పడింది. ఆమె లేచి చీర దులుపుకుని, ఇనుప షెడ్డు వేయిస్తారా, గేదెల్ని నడింట్లో కట్టెయ్యమంటారా అని అడిగింది. ఆమె అన్నంత పనీ చేస్తుంది.

అప్పటినుంచి మూడు నెలలు షెడ్లు చూడటమే పనిగా తిరిగాను. నా పెళ్ళిచూపులకు కూడా అన్ని ఊళ్ళు తిరగలేదు. మొదట ఫోనులో చూశాను. ఏ దేశానివో, పచ్చగడ్డి మధ్యలో ఎర్రరంగు వేసిన ఇనుప కొట్టాలు, వాటికి తెల్లటి అంచులు, పైన మేడకున్నట్టు ఒక కిటికీ. మా ఆవిడకు చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇందులో గేదెలుంటాయా, కలెక్టరుంటాడా అని అడిగింది. అయినా ఆ ఎర్రరంగు నా మనసులో ఉండిపోయింది.

తర్వాత రొయ్యల గుంటల దగ్గర మేత బస్తాలు పెట్టే షెడ్లు చూశాను. వాటి కప్పు గుండ్రంగా, నిలువునా కోసిన పీపాలాగా ఉంటుంది. చూడటానికి ముచ్చటగా ఉంది గానీ లోపలికి పోయి అయిదు నిమిషాలు నిలబడలేకపోయాను. ముత్తుకూరు వైపు పోర్టు సరుకు దించే గోదాములు చూశాను. ఒక్కోదాని కింద మా ఊరు ఊరంతా పడుతుంది. ఆ ఎత్తు నన్ను పట్టుకుంది. జువ్వలదిన్నెలో చేపల రేవు దగ్గర ఐసు పెట్టే షెడ్డు ఒకటి చూశాను. వేసి ఎన్నేళ్ళో కాలేదట. రేకు మీద వేలు పెడితే తుప్పు పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. పక్కన వల బాగుచేసుకుంటున్న ఒకాయన, ఈ గాలికి ఇనుము కూడా చెదపట్టిన చెక్కే, రంగు మీద ఆశ పెట్టుకోవద్దు అని చెప్పాడు. నేను తలూపి, ఇంటికొచ్చి, గోదామంత ఎత్తున ఎర్రటి షెడ్డు ఒకటి మనసులో కట్టేసుకున్నాను.

నెల్లూరు నుంచి ఒక కంపెనీ మనిషి రంగుల పుస్తకం పట్టుకుని వచ్చాడు. అందులో పన్నెండు రకాలున్నాయి. ఒంటి వాలు, రెండు వాలు, గుండ్రం, పక్కన వరండా ఉన్నది, లేనిది. ఆయన చక్కగా మాట్లాడాడు. మా ఆవిడ అన్నీ విని, గేదె ఉచ్చ ఎటు పోతుందని అడిగింది. ఆయన పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్ళీ తిరగేశాడు. కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

కోవూరు రోడ్డు మీద ఒక వెల్డింగు షాపుండేది. దాని ఓనరు ఒక సాయిబు. మా చుట్టుపక్కల ఊళ్ళల్లో గేట్లు, కిటికీ గ్రిల్సు సగం ఆయన చేతివే. వాళ్ళ నాయన ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసేవాడు, మా నాయన బండికీ వేశాడు. నేను ఆయన్ని భాయ్ అంటాను. నాకంటే రెండేళ్ళు పెద్దవాడైనా ఆయన నన్ను అన్నా అంటాడు. కబురు పెడితే ఒక సాయంత్రం వచ్చాడు. చేతిలో పుస్తకం లేదు, ఫోను లేదు. రాతి మీద కూర్చుని చీకటి పడేదాకా గేదెల్ని చూశాడు. వీటిలో పొడిచేది ఏదమ్మా, ఏది ఎటు తిరిగి పడుకుంటాది, పేడ ఎత్తి ఎటు తీసకపోతారు అని మా ఆవిడను అడిగి తెలుసుకున్నాడు. ఆమె ఆ రోజే ఒప్పేసుకుంది. గేదెల్ని చూడటానికి వచ్చినవాడు ఇంతకాలానికి ఒక్కడు కనిపించాడు అంది.

మర్నాడు సుద్దముక్కతో మా గోడ మీదే బొమ్మ గీశాడు. రెండు వాలుల కప్పు, నడికొప్పున వేడి పోవడానికి జానెడు సందు. పొడవు నలభై అడుగులు, వెడల్పు ఇరవై, ఎనిమిది ఇనుప స్తంభాలు. ఎత్తు పన్నెండడుగులు మించకూడదన్నాడు. నేను పదహారు అన్నాను. ఎత్తు పెరిగేకొద్దీ గాలికి మనమే పీట వేసినట్టు అన్నాడు. దాని మీద రెండు రోజులు వాదించుకుని పదమూడుకు దిగాం. సముద్రం వైపు, అంటే తూర్పు పక్క, మూసెయ్యమన్నాడు. అక్కడే నాకు తిక్క రేగింది. తూర్పు మూసిన కట్టడం మా వంశంలో లేదు. మా ఆవిడ కూడా ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి తగలకపోతే గేదెలు పాలివ్వవంది. ఆయన చాలాసేపు గోడ మీద బొమ్మ చూశాడు.

"షెడ్డు పడిపోతాదని అందరూ భయపడతారన్నా. పడదు, లేస్తాది. గాలి లోపలికి దూరిందంటే రేకుల్ని పైకి లాగుతాది. కింద పట్టుకోవాల్సింది పునాదే. తూర్పు తెరిచిపెట్టుకోండి, నేను వొద్దనను. గుంటలు మాత్రం నాలుగడుగుల లోతు, అడుగునుంచి పైదాకా కాంక్రీటు నింపాల. ఎనిమిదికి ఎనిమిదీ."

నేను సరేనన్నాను. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. గేట్లూ గ్రిల్సూ ఇప్పుడు తయారై వస్తున్నాయి, తన దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. మా ఊళ్ళో గేదెలున్నవాళ్ళు అయిదుగురు షెడ్లు అడిగారు. నా షెడ్డు ఈ వానాకాలం ఎట్లా తట్టుకుంటుందో చూసి చెప్తామన్నారట.

"ఇది నిలబడితే నా షాపు నిలబడతాదన్నా. దీని మీదే ఉండా నేను."

ఇనుము పని ఆయనది, మట్టి పని, సిమెంటు పని నాది. మా వైపు ఒప్పందాలన్నీ అట్లాగే ఉంటాయి.

ఇక్కడ నా భయం గురించి కొంచెం చెప్పాలి. అంతకు నాలుగేళ్ళ ముందు మా ఆవిడకు కడుపులో గడ్డ వచ్చి ఆపరేషను చేశారు. పుండు మానక, జ్వరం తగ్గక పదహారు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ పదహారు రోజులు నేను వరండాలో బల్ల మీద కూర్చుని, ఆమె లేని ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందో ఊహించుకోవడానికి ప్రయత్నించి, చేతకాక ఏడ్చాను. మా బావమరిది ఒక సిద్ధాంతిని ఇంటికి తీసుకొచ్చాడు. మా మేడ మీద నీళ్ళ ట్యాంకు ఈశాన్యం మూలనుంది. ఈశాన్యం పల్లంగా, తేలిగ్గా ఉండాలి, నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి, మీరు తలకిందులు చేశారు అన్నాడాయన. ఆ రోజే మనుషుల్ని పెట్టి ట్యాంకును నైరుతికి మార్పించాను. మూడోరోజు ఆమెకు జ్వరం జారింది. డాక్టరు కోసి బాగుచేస్తే పేరు ట్యాంకుకు వచ్చిందని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది. ఆ బల్ల మీద కూర్చున్నది నేను. ఆమెకు నవ్వులాటగా ఉంటుంది గానీ నాకు ఆ మూల అంటే వణుకు.

షెడ్డుకు ముహూర్తం పెట్టింది కూడా ఆ సిద్ధాంతే. పన్నెండు, ఒంటిగంట మధ్య, శుక్రవారం. మొదటి పోత ఈశాన్యం గుంటలో పడాలన్నాడు. ఈశాన్యంలో బరువు పెట్టొద్దు నాయనా అని పోతూ పోతూ ఒక మాట అన్నాడు. ఆయన ఉద్దేశం కుడితి తొట్టి, మేత బస్తాలు అక్కడ పెట్టొద్దని. అది నాకు ఇప్పుడు తెలుసు. భాయ్‌కు ముహూర్తం సంగతి చెబితే, శుక్రవారం ఆ వేళకు తాను నమాజుకు పోవాలన్నాడు. పూజ చేసుకోండి, తట్టెడు కాంక్రీటు శాస్త్రానికి వేసి ఆపండి, రెండుగంటలకల్లా వచ్చేస్తాను, మిగతాది నా ఎదురుగా పోయండి అని చెప్పి వెళ్ళాడు.

గుంటలు మొత్తం నాలుగడుగులు తవ్వే ఉన్నాయి. ఈశాన్యం గుంటలో నవధాన్యాలు వేసి, పసుపు కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టాను. కూలీలు కాంక్రీటు కలిపి తట్టలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళు పొరుగు జిల్లా నుంచి ఆ రెండు రోజుల పనికే వచ్చినవాళ్ళు. నేను గుంటలోకి చూశాను. నాలుగడుగుల లోతు, రెండడుగుల చదరం. అది నిండా పోస్తే ఎంత బరువు? ట్యాంకంత ఉండదూ? ఎనిమిది గుంటల్లోనూ ఒకే బరువుంటే నైరుతికి, ఈశాన్యానికి తేడా ఏమున్నట్టు? ఈ లెక్క నాకు ఎంత సూటిగా తోచిందంటే, ఇంతవరకూ ఎవరికీ తట్టకపోవడం చూసి జాలిపడ్డాను. ఆ ఒక్క గుంటలో రెండున్నర అడుగులు ఇసకతో పూడ్పించాను. దాని మీద అడుగున్నర కాంక్రీటు పోయించి, స్తంభం బిగించే బోల్టులు నిలబెట్టి, పైన తాపీతో నున్నగా తీయించాను. పక్క గుంటకూ దానికీ తేడా తెలియదు. మిగిలిన ఏడూ నిండా పోయించాను. మా ఆవిడ అప్పుడు పాల కేంద్రానికి క్యానులు తీసుకుపోయింది.

భాయ్ రెండుగంటలు దాటి పది నిమిషాలకు వచ్చాడు. అప్పటికి ఎనిమిదో గుంట సగం నిండింది. ఆయన ముఖం కొంచెం మారింది. ప్రతి గుంట దగ్గరా వంగి చూశాడు. ఈశాన్యం గుంట దగ్గర ఆగాడు.

"ఇది కూడా అడుగునుంచీ నిండుగా పోసినారు గదన్నా?"

"ఆఁ, నిండుగానే" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. చెబితే పగలగొట్టించి మళ్ళీ పోయిస్తాడని తెలుసు. సిద్ధాంతి మాట చెబితే నవ్వుతాడేమోనని కూడా అనుకున్నాను. ఆయన అట్లాంటి మనిషి కాడు. కానీ నవ్వుతాడేమో అన్న ఆ ఒక్క అనుమానం చాలింది నాకు.

మూడు వారాల్లో షెడ్డు లేచింది. ఎర్రరంగు రేకులే వేయించాను. ప్రతి రేకునూ స్క్రూలతో కాక, కొక్కేల బోల్టులతో ఇనుప కమ్మీలకు బిగించాడు. వెల్డింగు పెట్టిన చోటల్లా తుప్పు పట్టకుండా రెండుసార్లు రంగు వేశాడు. నేల వాలుగా చేయించి ఉచ్చ కాలువను పేడగుంటలోకి మళ్ళించాడు. ఆ వాలు చూసి మా ఆవిడ మురిసిపోయింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి పోయేవారు. షెడ్డు అడిగిన అయిదుగురిలో ఇద్దరు కొలతలు కూడా రాసుకున్నారు. నేను అందరికీ టీ ఇప్పించి, డిజైను అంతా నాదే అన్నట్టు మాట్లాడాను.

కార్తీకం వెళ్ళాక తుఫాను వచ్చింది. మాకు తుఫాను కొత్త కాదు. కృష్ణపట్నం పోర్టులో తుఫాను హెచ్చరిక జెండా మార్చారని టీవీలో చెబితే, కొవ్వొత్తులు కొనుక్కుని ట్యాంకు నింపుకుంటాం. భాయ్ ఫోను చేసి, ఎందుకైనా మంచిది గేదెల్ని విప్పెయ్యండన్నా అన్నాడు. ఇనుప షెడ్డు వేసుకుని కూడా విప్పుకోవడమేంది అని నేను ఎగతాళి చేశాను. మా ఆవిడ నా మాట వినలేదు. తెల్లవారుజామునే ఆరు గేదెల్ని బడి ఆవరణలోకి తోలేసింది. ఈని పదిరోజులైన ఒక గేదె మాత్రం దూడను వదిలి కదలనంటే దాన్ని షెడ్లోనే ఉంచింది.

పొద్దున పదిగంటలప్పుడు గాలి పెరిగింది. ఈశాన్యం నుంచే వచ్చింది. మాకు తుఫాను గాలి ముందుగా ఎప్పుడూ ఆ మూలనుంచే వస్తుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్నాను. మూలకు తల తిప్పి చూస్తే వాన ముఖం మీద కొడుతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. గుంట ముందు నిలబడి అంత లెక్క వేసినవాడికి ఇది గుర్తు రాలేదు.

వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఈశాన్యం స్తంభం ఒక జానెడు పైకి లేచింది. మళ్ళీ కూర్చుంది. నా కళ్ళే మోసం చేశాయనుకున్నాను. రెండోసారి లేచింది, కూర్చోలేదు. ముల్లంగిని పెరికినట్టు కాంక్రీటు దిమ్మెతో సహా ఊడి వచ్చింది. ఆ మూల కప్పు పైకి లేచి, పడమటి వైపుకు మడతపడింది. రేకులు ఒకదాని వెంట ఒకటి చింపినట్టు ఊడి మళ్ళలోకి పోయాయి. ఒక రేకు అంచు ఆ పచ్చి బాలింత గేదె వీపు మీద పడింది. అది అరిచిన అరుపు ఆ గాలిలో కూడా వినిపించింది. మా ఆవిడ నన్ను తోసుకుని వానలోకి పరిగెత్తింది. దూడ తల్లి కాళ్ళ కింద నక్కి ఉంది, దానికేమీ కాలేదు. గేదె వీపు మూరెడు తెగింది. తర్వాత పశువుల డాక్టరు కుట్లు వేస్తే బతికింది గానీ, ఆ ఈతకు పాలు ఎండిపోయాయి.

గాలి తగ్గాక ఊరు ఊరంతా వచ్చింది. ఎవరి కొంపలు వాళ్ళకున్నా ఎర్ర రేకులు మళ్ళలో పడి ఉంటే చూడకుండా ఎవరుంటారు? బోల్టులు నాసివి వేశాడని ఒకరు, గేట్లు చేసుకునేవాడికి షెడ్లు ఇస్తే ఇంతేనని ఒకరు. నీలాంటివాడు కూడా మోసపోయాడే అని ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఏమో, అన్నాను నేను. అంతే అన్నాను. ఏడు స్తంభాలు చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి. ఎనిమిదోది పక్కకు పడి, దాని కింద దిమ్మె అందరికీ కనిపిస్తూనే ఉంది. ఎవరూ దాన్ని చూడలేదు. చూసింది మా ఆవిడ ఒక్కతే.

"ఇది మీ చేతి పనే గదా" అంది లోపలికి వచ్చాక. నేను తల దించుకున్నాను. "ఆ మనిషి వచ్చినప్పుడు అందరి ముందరా మీరే చెప్పాల. నేను చెప్పను" అంది.

మూడోరోజు భాయ్, దారికడ్డంగా పడిన సరుగుడు చెట్లు దాటుకుంటూ బండి మీద వచ్చాడు. అప్పుడు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు. షెడ్డు అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన ముందు గేదెను చూశాడు. తర్వాత పడిన స్తంభం దగ్గర గొంతుకూర్చున్నాడు. దిమ్మె అడుగున అరచెయ్యి పెట్టాడు. ఇసక రాలింది. జానతో కొలిచాడు, రెండు జానలు. మళ్ళీ కొలిచాడు. లేచి నా వైపు చూశాడు.

అంతసేపు నన్ను ఎవరూ ఎప్పుడూ అట్లా చూడలేదు. నోరు తెరవాలని నాకు తెలుసు. నా చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు కూడా కనిపిస్తున్నాయి. వాళ్ళకు మోటార్లు బాగుచేసి, కాగితాలు చదివి పెట్టిన పెద్దమనిషిని నేను. ఈశాన్యం తేలిగ్గా ఉండాలని పునాదిలో ఇసక పోశానని ఏ నోటితో చెప్పను? చెప్పలేదు. ఆయన కాసేపు ఎదురుచూశాడు. నేను మాట్లాడనని అర్థమయ్యాక తనే మాట్లాడాడు.

"పోసేటప్పుడు నేను దగ్గరుండాల్సిందన్నా. లేకపోవడం నా తప్పే."

నా పరువు కాపాడటానికి అన్న మాట అది. పక్కనున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సాయిబు ఒప్పుకున్నాడు అని సాయంత్రానికల్లా ఊరంతా పాకింది.

మర్నాడు నేను చేసిన పని, మొదటిదానికంటే అన్యాయం. సమ్మెట తీసుకుని ఆ దిమ్మెను ముక్కలు చేసి, బురదగా ఉన్న మా వాకిటి దారిలో పరిచేశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత చాలా రోజులు నాకు అన్నం పెట్టింది, మాట పెట్టలేదు.

భాయ్ వారం తర్వాత వచ్చి షెడ్డు బాగుచేశాడు. కూలి తీసుకోలేదు, ఎంత బతిమాలినా తీసుకోలేదు. ఈశాన్యం గుంట తనే దిగి తవ్వాడు, ఈసారి అయిదడుగులు. నిండేదాకా గట్టు మీదే కూర్చున్నాడు. అది చూసి ఊళ్ళోవాళ్ళు, ఒకసారి పట్టుబడ్డాక ఇప్పుడు భయపడి సరిగ్గా కడుతున్నాడు అన్నారు. నేను ఆ మాట విని కూడా ఊరుకున్నాను. అయిదుగురూ తమ షెడ్ల పని నెల్లూరు కంపెనీకి ఇచ్చుకున్నారు.

ఎండాకాలంలో ఒక తలుపు బందు కోసం కోవూరు పోతే, ఆయన షాపు షట్టరు దించి ఉంది. దాని మీద అద్దెకివ్వబడును అని అట్ట వేలాడుతోంది. పక్క టైర్ల షాపాయనను అడిగాను. పనుల్లేక మూసేశాడు, ముత్తుకూరులో ఒక కాంట్రాక్టరు కింద దినకూలీకి వెల్డింగు చేస్తున్నాడు, మిషన్లు కూడా అమ్మేశాడు అని చెప్పాడు. నేను బందు కొనకుండానే ఇంటికి వచ్చాను. నేను సిగ్గుపడకుండా ఉండటానికి ఒక మనిషి తన పేరు, వాళ్ళ నాయన నుంచి వచ్చిన పేరు, పోగొట్టుకున్నాడు. ఈ వాక్యం ఎన్నిరకాలుగా తిప్పి చూసినా అందులో నాకు తప్పించుకునే దారి కనిపించలేదు.

తెల్లారి పాల కేంద్రంలో, క్యానులతో అందరూ వరసలో ఉన్నప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. ముహూర్తం, ఇసక, అడుగున్నర, ఆయన అడిగితే అబద్ధమాడటం. అంతా విని, ఆ రోజు నా భుజం మీద చెయ్యి వేసిన పెద్దాయనే అన్నాడు.

"నీకు జాలెక్కువబ్బాయా. షాపు మూసుకున్నాడని విని, తప్పు నీ నెత్తిన వేసుకుంటా ఉండావు. ఈశాన్యమని పునాది తగ్గించేంత తెలివితక్కువోడివా నువ్వు?"

వరసలో ఉన్నవాళ్ళందరూ తలలూపారు. నేను ఒట్టేసి చెప్పాను. దిమ్మె చూపించమన్నారు. అది ముక్కలై దారిలో తొక్కుడుబడుతోంది. మా ఆవిడను అడగమన్నాను. ఆమె వచ్చి నిజమేనని చెప్పింది. మొగుడి మాట కాదంటుందా అని నవ్వుకున్నారు. ఆ తర్వాత వారంలో నలుగురు నాకు ఎదురుపడి, నీలాంటి మనసు అందరికీ ఉండదయ్యా అన్నారు.

చివరికి ముత్తుకూరు పోయాను. మధ్యాహ్నం అన్నం వేళ గేటు బయట వేపచెట్టు కింద కూర్చుని క్యారియరు తింటున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. గేదె కుట్లు మానాయా అని అడిగాడు. నేను ఆయన ముఖం చూడకుండా, ఊళ్ళో అందరికీ చెప్పేశాను భాయ్, నేనే చేశానని చెప్పాను అన్నాను.

"తెలుసన్నా. మా దాకా వచ్చింది. మా బామ్మర్దితో ఎవరో అన్నారంట, అంత నష్టం చేసినోడి మీద కూడా మాట పడనీలేదు ఆ రైతు, అట్టాంటి మారాజు ఉంటాడా అని."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను ఏం చెయ్యమంటారో చెప్పండి, మిగతా ఊళ్ళు కూడా తిరిగి చెప్తాను, పేపర్లో వేయించమన్నా వేయిస్తాను అన్నాను. ఆయన మెతుకులు దులుపుకుని, క్యారియరు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి సర్దాడు. లోపల గంట మోగింది. లేచి, నా చెయ్యి పట్టుకుని నన్ను కూడా లేపాడు.

"ఇంక చెప్పబాకండన్నా. చెప్పేకొద్దీ మీకే మంచి పేరొస్తా ఉండాది."